బలిపీఠం లేని ఫాదర్



విన్సెంట్ ఫెర్రర్ స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచి, ‘నిత్య జీవితంలో, పనిలో క్రైస్తవ విశ్వాసం’ అన్న అంశం చేతికిచ్చారు. ఆయన కట్టించిన ఆసుపత్రులూ బళ్ళూ ఇళ్ళూ ఈ సభలో కూర్చున్నవాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. మీలో కొందరు ఆ బళ్ళలోనే చదివారు. కొందరి బిడ్డలు బత్తలపల్లి ఆసుపత్రిలోనే పుట్టారు. అందుకని ఆ పట్టిక నేను చదవను. ఆయన జీవితంలో మనం పెద్దగా మాట్లాడుకోని ఒక సంవత్సరం ఉంది. దాన్ని పట్టుకుని మాట్లాడతాను.

అది 1970. ఆ ఏడు ఆయన తాను గురువుగా ఉన్న యేసు సభను, అంటే జెస్యూట్ సభను, విడిచిపెట్టారు. దివ్యబలి పూజ చేయడం అంతటితో ఆగిపోయింది. ఆన్ పెర్రీ అనే ఇంగ్లీషు పాత్రికేయురాలిని పెళ్ళి చేసుకున్నారు. తర్వాత ముగ్గురు బిడ్డల తండ్రి అయ్యారు. మన పల్లెల వాళ్ళు మాత్రం ఆయన్ని ‘ఫాదర్’ అనడం మానలేదు. 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూసేదాకా ఫాదరే, బత్తలపల్లిలో మట్టి చేశాక కూడా ఫాదరే. లెక్క చూస్తే ముప్పై తొమ్మిదేళ్ళు ఆయన బలిపీఠం లేని ఫాదర్. ఆ కాలమంతా ఆయనకు ప్రసంగ వేదిక లేదు, ఆదివారం ఆయన కోసం ఎదురుచూసే విచారణ సంఘం లేదు. చేతిలో ఉన్నదల్లా పని.

నేనూ మీరూ ఉన్నది అక్కడే. ఇక్కడ పాస్టరు అయ్యగార్లూ ఫాదర్లూ ఉన్నారు, వాళ్ళకు వందనాలు. మిగతా మనమంతా టీచర్లం, నర్సులం, బస్సు డ్రైవర్లం, తాపీ మేస్త్రీలం, అంగన్‌వాడీ ఆయాలం, కూలీలం. ఆదివారం ఆరాధనా, శుక్రవారం ఉపవాస ప్రార్థనా తీసేస్తే వారంలో మిగిలిన కాలమంతా మన ముందు బైబిలు తెరిచి ఉండదు. ఆ కాలంలో మన విశ్వాసం ఎక్కడుంటుంది? కూలి దగ్గర ఉంటుందని నా జవాబు. మనం పుచ్చుకునే కూలి, ఇచ్చే కూలి, పుస్తకంలో రాసే కూలి. ఈ మూడు చోట్లా కనబడని విశ్వాసం ఇంకెక్కడా ఉన్నట్టు నేను నమ్మను.

ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పద్దెనిమిదేళ్ళకే ఆయన్ని రిపబ్లికన్ సైన్యంలోకి తీసుకుపోయారు. ఎబ్రో నది యుద్ధంలో ఉన్నారు, ఓడిపోయాక ఫ్రాన్సు సరిహద్దు దాటి శిబిరంలో పడ్డారు. న్యాయశాస్త్రం చదువు మధ్యలో మానేసి 1944లో యేసు సభలో చేరారు. 1952లో ముంబయి వచ్చారు. నాసిక్ జిల్లా మన్మాడ్‌లో ఆయన పట్టుకున్న పని బావులు. బావి తవ్వుకునే రైతుకు గోధుమలూ నూనే ఇచ్చారు, వడ్డీ లేని అప్పు ఇచ్చారు. ఆకలిగా ఉన్నవాడికి తిండి పెట్టడం ఒక ఎత్తు. వాడి పొలంలో వాడు తవ్వే బావికి అదే తిండిని కూలిగా లెక్కకట్టి ఇవ్వడం ఇంకో ఎత్తు. ఆ రైతు తిన్నది తన పనికి వచ్చిన కూలి. ఇచ్చినవాడి ముందు తలవంచాల్సిన అవసరం లేదు.

1968లో దేశం వదలమని ఆయనకు ఉత్తర్వు వచ్చింది. వేల మంది రైతులు మన్మాడ్ నుంచి ముంబయికి నడిచారు. ఇందిరా గాంధీ జోక్యంతో ఆయన కొంతకాలం విదేశానికి పోయి తిరిగి రాగలిగారు కానీ, మహారాష్ట్రలో మళ్ళీ చోటు దొరకలేదు. 1969లో మన అనంతపురం వచ్చారు. గ్రామీణాభివృద్ధి సంస్థ, మనం నోరారా అనే ఆర్‌డీటీ, అలా మొదలైంది.

ఫెర్రర్ యేసు సభలో ఉన్న ఏళ్ళలోనే ఫ్రాన్సులో కొందరు కతోలిక గురువులు అంగీలు తీసేసి ఫ్యాక్టరీల్లో, రేవుల్లో కార్మికులుగా చేరారు. 1954లో రోము వాళ్ళను ఆపించింది, 1965లో మళ్ళీ అనుమతించింది. గుడి గోడ దాటి మనిషి చెమటోడ్చే చోటికి పోవాలన్న తపన ఆ కాలపు గాలిలోనే ఉంది. ఫెర్రర్ ఆ తపనతో వచ్చిపడిన నేల ఎలాంటిదో బయటివాళ్ళకు చెప్పాలి గానీ మీకు అక్కర్లేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యపు వాన ఇక్కడికి చేరేసరికి సన్నబడుతుంది. ముంగారుకు చెనక్కాయ వేసి, ఊడలు దిగే వేళకు ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఆ ఏడు పంట లేదు, కూలి లేదు, ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కడమే. వాన కోసం మన సంఘాలు ఉపవాసం ఉండి ప్రార్థిస్తాయి. నేనూ ఆ ప్రార్థనల్లో మోకరించినవాణ్ణే. అయితే వాన లేని ఏట ఊళ్ళో ఉన్న కొద్దిపాటి పని ఎవరికి దొరికింది, ఆ పనికి ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్న ప్రశ్నలు కూడా ఆ ప్రార్థనలో భాగమే.

యేసు చెప్పిన ద్రాక్షతోట కథ మనవాళ్ళకు చెప్పినట్టే ఉంటుంది. తెల్లవారుజామున పట్నంలో కూలీల అడ్డా దగ్గర నిలబడి చూడండి. టిఫిన్ క్యారియరు, తాపీ, గమేళా పట్టుకుని నిలబడ్డవాళ్ళలో వయసులో ఉన్నవాళ్ళు మొదటి గంటలోనే మేస్త్రీల వెంట పోతారు. పది గంటలకు ఇంకా నిలబడి ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు, ఒంటిచేతివాళ్ళు, చంటిబిడ్డ తల్లులు. ఆ కథలో యజమాని సాయంత్రం అయిదింటికి మళ్ళీ అడ్డాకు పోతాడు. ఎవరూ పిలవక మిగిలిపోయినవాళ్ళను పనిలో పెట్టుకుని వాళ్ళకూ దేనారం, అంటే పూర్తి రోజు కూలి, ఇస్తాడు. ప్రసంగాల్లో ఈ కథను పరలోకానికి ముడిపెట్టి వదిలేస్తుంటాం. చివర పిలిచినవాడి ఇంట్లోనూ రాత్రికి పొయ్యి వెలగాలి కదా. కథ చెప్పినాయన వడ్రంగి పని చేసిన మనిషి, ఆ సంగతి ఆయనకు తెలుసు.

మంచి సమరయుడి కథలోనూ ఇదే నాణెం ఉంది. దెబ్బలు తిన్నవాణ్ణి పూటకూళ్ళ ఇంట్లో చేర్చి సమరయుడు రెండు దేనారాలు ఇచ్చాడు, అంటే రెండు రోజుల కూలి. ఖర్చు ఇంకా అయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. గాయాలు కట్టడం గురించే మనం మాట్లాడతాం. నన్ను పట్టుకునేది ఆ బాకీ మాట. పూటకూళ్ళ ఇంటివాడి డబ్బు కూడా ఎగ్గొట్టని దయ అది.

తెలుగు నేల మీద ఈ కూలి కథకు చాలా పాత మూలం ఉంది. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వర్తకుడు, మాదిగ కులస్థుడు, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో కొత్త విశ్వాసులు మూడు నియమాలు పెట్టుకున్నారు: చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు. మూడో నియమాన్ని మనం భక్తి నియమంగా చదువుతాం. వెట్టికి కట్టుబడ్డ మనిషి దొరతో ‘వారంలో ఒక రోజు నీది కాదు’ అనడం ఆ కాలంలో ఎంత మాటో ఆలోచించండి. అందుకే పనుల్లోంచి తీసేశారు, బావి దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు. నా దృష్టిలో తెలుగు పల్లెల్లో వారపు సెలవు అడిగిన తొలి శ్రామికులు వాళ్ళే. ఆరాధన పేరు మీద అడిగారు.

తర్వాత పదేళ్ళకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా రాయలసీమా, ఒంగోలు ప్రాంతమూ ఒకే ఆకలిలో మాడాయి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఇక్కడికి రాకముందు అమెరికాలో సర్వేయరు. ఆయన ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని ఇచ్చారు. పనివాళ్ళకు సరైన కూలి అందేలా చూశారు. కరువు కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్ళకు మాత్రం ఇవ్వలేదు, కరువు పోయాక రమ్మన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘ చరిత్ర పుస్తకాలన్నీ ఆ అంకె దగ్గర ఆగి ఆశ్చర్యపోతాయి. నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది కాలువ గట్టు మీద నడిచిన ఆ కూలి పట్టీ. కూలి వేరు, బాప్తిస్మం వేరు అని ఆ మనిషి గీసిన గీత అన్నిటికన్నా గొప్పది. తొంభై ఏళ్ళ తర్వాత ఫెర్రర్ ఈ జిల్లాలో అదే గీత గీశారు. ఏ మతం అని అడిగి బావి ఇవ్వలేదు, ఏ గుడికి పోతావని అడిగి బిడ్డను బడిలో చేర్చుకోలేదు. అలాంటప్పుడు అందులో క్రైస్తవం ఏముందని మనవాళ్ళే కొందరు అడుగుతారు. సమరయుడు కూడా గాయపడినవాడి మతం అడగలేదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మన సంఘాల్లో ఎక్కువమంది దళితులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన దళితులు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి కిందికి వస్తారు. అందువల్ల ఆదివారం బైబిలు పట్టుకునే చెయ్యి సోమవారం మండలాఫీసులో ఇంకో పేరు కింద సంతకం పెడుతుంది. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు, మీకూ లేదు. బిడ్డ చదువు, ఇంటి స్థలం, ఒక ఉద్యోగం ఆ కాగితం మీద వేలాడుతున్నాయి. అలాంటి మనిషికి తన విశ్వాసాన్ని రాసుకోవడానికి సర్కారు కాగితం మీద చోటు లేదు. మిగిలిందల్లా పని. ఫెర్రర్‌కు బలిపీఠం లేదు, వీళ్ళకు కాగితం లేదు. పని చేసే చోట దేవుడు పలకడం కొత్తేమీ కాదు. అపొస్తలుడైన పేతురు యొప్పే పట్నంలో ఎన్నో రోజులు ఉన్నది తోళ్ళు పదునుపెట్టే సీమోను ఇంట్లోనే. ఆ వాసన, ఆ తొట్లు, ఆ పని మధ్యనే, ఆ ఇంటి మిద్దె మీదే, ఏ మనిషినీ అపవిత్రుడనకూడదన్న దర్శనం ఆయనకు కలిగింది.

నా సంగతి కొంచెం చెబుతాను. మా అమ్మ చెనక్కాయలు తెంపే కూలికి పోయేది. చెట్టు పీకి కుప్ప వేశాక ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కాయలు తెంపుతారు. డబ్బాకు ఇంత అని కూలి. సాయంత్రం కొలత వేళకు ఆసామి వచ్చేవాడు. కిరసనాయిలు డబ్బా నిండా కాయలు పోస్తే దాన్ని నేలకేసి రెండుసార్లు కుదిపేవాడు, అరచేత్తో అణిచేవాడు, పైన ఇంకో దోసిలి పోయమనేవాడు, కుప్ప అంచు దాటి కిందికి జారేదాకా. అప్పుడు ఒక డబ్బా. కూలికి బదులు కాయలే ఇచ్చే రోజున అదే డబ్బాను కుదపకుండా, అంచు మీద చెయ్యి అడ్డంగా రాసి కొలిచేవాడు. లూకా సువార్తలో యేసు సరిగ్గా ఇదే కొలత గురించి మాట్లాడాడు, కుదిపి, అణిచి, పొర్లిపోయేలా. అది ఇచ్చేవాడి చేతి కొలత. మా పొలంలో అది పుచ్చుకునేవాడి చేతిలో ఉండేది. ఆ ఆసామి మా సంఘంలో పెద్ద. ఆదివారం చాలా అందంగా ప్రార్థన చేసేవాడు. ఆయన ప్రార్థన నాకు ఇప్పుడు ఒక్క మాటా గుర్తు లేదు, డబ్బా నేలను తాకిన చప్పుడు మాత్రం గుర్తుంది.

డబ్బా అడుగున మట్టిగడ్డ వేసి కాయలు పైన పోసేవాళ్ళు కూలీల్లోనూ ఉన్నారు. అమ్మ వేయలేదు. తెంపిన కాయల్లో పుచ్చువి కనబడితే తీసి పక్కన పెట్టేది. అట్లా చేస్తే డబ్బా నిండటానికి ఇంకాస్త పొద్దు పడుతుంది. ఆమెకు చదువు రాదు, సాక్ష్యం చెప్పమంటే లేచి రెండు మాటలు చెప్పి కూర్చునేది. వేదాంతం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఇక రాసే కూలి. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలో. మన జిల్లాలో గట్ల మీద కందకాలు, సేద్యపు కుంటలు ఎన్నో ఆ పథకం కింద తవ్వినవే. మన కాలనీల పిల్లలు మేట్లయ్యారు, ఫీల్డ్ అసిస్టెంట్లయ్యారు. కూలీల హాజరు రాసే మస్టరు చేతిలోకి వచ్చింది. పనికి రాని బావమరిది పేరు రాయాలా వద్దా, తవ్విన గుంతకు ఒక అడుగు కలిపి కొలత రాయాలా వద్దా అన్న ప్రశ్న రోజూ పొద్దున ఎనిమిదింటికి వస్తుంది. రాస్తే పైనుంచి ఎవరూ వెంటనే చూడరు. రాయకపోతే బంధువులు మాట్లాడటం మానేస్తారు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక పేరు దొంగతనంగా చేరితే ఆ రోజు చేసిన పని విలువలో ఒక వాటా దానికి పోతుంది, నిజంగా తవ్వినవాళ్ళందరి కూలీ తరుగుతుంది. సామాజిక తనిఖీ ప్రజావేదికలో మస్టరు పైకి చదువుతున్నప్పుడు తల ఎత్తుకుని నిలబడగల మేటు, ఏ కూటంలో చెప్పే సాక్ష్యానికీ తీసిపోని సాక్ష్యం చెబుతున్నాడు. సుంకం వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు వచ్చినప్పుడు మొదట తెరుచుకున్నది ఆయన లెక్కల పుస్తకమే.

నర్సులకు ఒక మాట. రాత్రి మూడు గంటలప్పుడు వార్డులో పన్నెండు మంది రోగులు నిద్రలో ఉంటారు. బీపీ పట్టీ కట్టకుండానే చార్టులో 120/80 అని పన్నెండుసార్లు రాసేయడం ఎంత తేలికో మీకు తెలుసు. కుర్చీలోంచి లేచి ఒక్కొక్క చేతికీ పట్టీ చుట్టి చూడటంలో అలసట తప్ప పేరేమీ రాదు. ఆ పన్నెండు మందిలో ఒకరి అంకె వేరుగా ఉండొచ్చు. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులు నిలబడింది గోడల వల్ల కాదు, రాత్రి అలా లేచిన మనుషుల వల్ల. హెచ్ఐవీ రోగిని సొంతవాళ్ళే తాకడానికి జంకిన రోజుల్లో ఆ ఒళ్ళు తుడిచిన చేతుల వల్ల.

ఆర్‌డీటీ కట్టించిన ఇళ్ళను ఆడవాళ్ళ పేరు మీద రాయించారు. ఇందులోనూ నాకు కూలి లెక్కే కనిపిస్తుంది. పొద్దున నీళ్ళు మోసి, పగలు కూలికి పోయి, రాత్రి సంగటి కెలికిన మనిషి పని ఏ మస్టరులోనూ ఎక్కదు. ఆమెకు రావలసిన దాంట్లో కొంతైనా ఒక పట్టా కాగితం మీద ఆమె పేరుగా వచ్చింది. తాగి వచ్చిన మొగుడు ‘నా ఇంట్లోంచి పో’ అనలేని ఇల్లు అది.

ఊళ్ళలో దేవుడి పటాల పక్కన ఫెర్రర్ ఫొటోకు దండ వేయడం చూస్తుంటాం. ప్రేమతో చేస్తారు, కాదనలేను. అయినా ఆయన్ని దేవుణ్ణి చేసిన రోజున మన పని తేలికైపోతుంది, ఆయన చేశాడు, మనం మొక్కుదాం అనుకుంటాం. నిజానికి అది ఆయనొక్కరి పని కాదు. దానికి డబ్బు పంపినవాళ్ళలో ఎక్కువమంది స్పెయిన్‌లో నెల జీతం మీద బతికే మామూలు కుటుంబాలు, లక్షకు పైగా. వాళ్ళు చూడని ఊరి బిడ్డ కోసం తమ కూలిలోంచి కొంత తీశారు. మన సంఘాల్లో దశమ భాగం తీసేవాళ్ళు ఎందరో ఉన్నారు. అందులో ఎంత గుడి రంగులకు, సౌండ్ బాక్సులకు పోతోందో, ఎంత పక్క వీధిలో అప్పులపాలైన ఇంటికి పోతోందో మీరే చూసుకోండి.

చివరికి మన ఇంటి సంగతికి వస్తాను. చర్చి ఊడ్చే అక్క, గంట కొట్టే తాత, మిషన్ కాంపౌండు వాచ్‌మన్, మన పేరు మీద నడిచే బళ్ళలో పాఠం చెప్పే ఆడపిల్లలు, వీళ్ళంతా మన దగ్గర కూలీలు. సంతకం ఒక అంకెకు పెట్టి చేతికి ఇంకో అంకె తీసుకునే టీచర్లు నాకు తెలుసు. వాళ్ళు ఆ బడి ప్రార్థనలో రోజూ పిల్లల చేత కీర్తన పాడిస్తారు. రెండు వేసవి నెలల జీతం రాదు, పీఎఫ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పరు. అడిగితే ఇది దేవుని సేవమ్మా అంటారు. ద్వితీయోపదేశకాండం పేదవాడి కూలి పొద్దు కుంకకముందే ఇవ్వమంటుంది. చేనులో కోత కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర దేవుడి చెవిని చేరుతుందని యాకోబు రాశాడు. సేవ అన్న మాట ఆ మొరను ఆపదు.

కాబట్టి ఒక పని చేద్దాం. సంఘం వార్షిక సమావేశంలో కానుకల లెక్క చదవకముందు మన దగ్గర పనిచేసేవాళ్ళ జీతాల పుస్తకం చదవాలి. పేరు, పని, చేరిన తేదీ, నెల జీతం, పీఎఫ్ కట్టారా లేదా, ఎన్ని నెలల బాకీ ఉంది. ఆ మనుషుల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి వాళ్ళ ఎదుటే చదవాలి. బాకీ ఉంటే అది తీర్చాకే కొత్త గోపురం సంగతి ఎత్తాలి. మా సంఘంలో ఈ డిసెంబరు సమావేశానికి ఈ అంశాన్ని కాగితం మీద రాసి కార్యదర్శికి ఇచ్చాను. మీ మీ సంఘాల్లో మీరూ రాసి ఇవ్వండని అడగడానికే ఇవాళ ఇక్కడికి వచ్చాను.